పిల్లాడి బ్లడ్ రిపోర్టులో లివర్ కొవ్వు ఎక్కడ కనిపిస్తుంది?

పదకొండేళ్ల పిల్లాడికి లివర్ టెస్టు ఎస్‌జీపీటీ 48 వచ్చింది. పక్కన రిఫరెన్స్ రేంజ్ 50 లోపు అని ఉంది, బోల్డ్ అక్షరాలు లేవు, ఎర్ర గుర్తు లేదు, కాబట్టి లివర్ బాగానే ఉందనుకుని ఫైలు మూసేస్తున్నారు. దయచేసి మూయకండి. ఆ వయసు పిల్లాడికి 48 ఎక్కువే.

నేను బెంగళూరులో ఒక ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ చూస్తాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, వర్తూరు వైపు మనవాళ్లు ఎక్కువ కాబట్టి చుట్టాలూ, అపార్ట్‌మెంట్‌లో వాళ్లూ పిల్లల రిపోర్టులు వాట్సాప్‌లో పెట్టి "ఒక్కసారి చూసి చెప్పండి" అంటుంటారు. మందు రాయడం నా పని కాదు, అది డాక్టర్ పని. కానీ ఆ కాగితం మీద ఏ అంకె ఎందుకుందో, ఒక అంకెకీ ఇంకో అంకెకీ సంబంధం ఏంటో చెప్పగలను. ఇవాళ ఆ పనే చేస్తాను, ఎందుకంటే పిల్లల్లో ఫ్యాటీ లివర్ అనేది ఒక్క టెస్టులో దొరికేది కాదు, నాలుగైదు అంకెలు పక్కపక్కన పెట్టి చదివితేనే బయటపడుతుంది, మనవాళ్లేమో బోల్డ్‌లో ఉన్నదొక్కటే చదువుతారు.

ముందు ఆ 50 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఎస్‌జీపీటీ అన్నా ఏఎల్‌టీ అన్నా ఒకటే. లివర్ కణాల్లో ఉండే ఎంజైమ్, కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. ఏ ల్యాబ్ అయినా నార్మల్ రేంజ్ ఎలా పెడుతుందంటే, పైకి ఆరోగ్యంగా కనిపించే కొంతమంది రక్తం పరీక్షించి, అందులో ఎక్కువమందికి ఎంత ఉందో అదే హద్దు అంటుంది. పైకి ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే లివర్‌లో కొవ్వు ఉన్నవాళ్లు బోలెడుమంది ఉంటే ఆ హద్దు కూడా పైకి జరిగిపోతుంది కదా. 2010లో అమెరికాలో వచ్చిన సేఫ్టీ అనే అధ్యయనం సరిగ్గా దీన్నే పట్టుకుంది. అక్కడి పిల్లల ఆసుపత్రుల ల్యాబ్‌లు వాడుతున్న పై హద్దు మధ్యస్థంగా 53 ఉంది. అధిక బరువూ, లివర్ జబ్బూ లేని పిల్లల్ని మాత్రమే తీసుకుని లెక్కేస్తే వచ్చింది అబ్బాయిలకు 25.8, అమ్మాయిలకు 22.1. అంటే సగం. 2017లో నాస్ప్‌గాన్ అనే ఉత్తర అమెరికా పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం తన మార్గదర్శకాల్లో ఈ 26, 22 హద్దులే తీసుకుంది. దానికి రెట్టింపు, అంటే అబ్బాయిలకు 52, అమ్మాయిలకు 44 దాటి మూడు నెలలకు పైగా అలాగే ఉంటే కారణం వెతకాలంది. 80 దాటితే మాత్రం ఆలస్యం చేయకూడదంది. ఊబకాయం ఉన్న పిల్లలందరికీ తొమ్మిది నుంచి పదకొండేళ్ల మధ్యలో ఈ టెస్టు మొదలుపెట్టమని కూడా అందులోనే ఉంది. మన దగ్గర చాలా ల్యాబ్ రిపోర్టుల్లో ఇప్పటికీ పిల్లలకీ పెద్దలకీ ఒకటే రేంజ్ ప్రింట్ అవుతుంది. ఇది మారాలి. మారేదాకా ఆ 26, 22 అంకెలు మీ ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి. ఎస్‌జీపీటీ తక్కువున్నా లివర్‌లో కొవ్వు ఉండొచ్చు. కొవ్వు చేరడం వేరు, కొవ్వు చేరి కణం దెబ్బతినడం వేరు. అందుకే మిగతా అంకెలు కావాలి.

ఒక రిపోర్టు ముందు పెట్టుకుందాం. ఇది ఏ ఒక్క పిల్లాడిదీ కాదు, నాకు తరచూ కనిపించే అంకెలతో కూర్చింది. పదకొండేళ్ల బాబు. ఎత్తు 142 సెంటీమీటర్లు, బరువు 52 కిలోలు, నడుము 79 సెంటీమీటర్లు. ఎస్‌జీపీటీ 48, దాని జోడు ఎంజైమ్ ఎస్‌జీఓటీ 34. పరగడుపు షుగర్ 94, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.6. రక్తంలోని కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 168, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36. పరగడుపు ఇన్సులిన్ 22. ఇందులో ల్యాబ్ బోల్డ్ చేసేది ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్ మాత్రమే. షుగర్ నార్మల్, హెచ్‌బీఏ1సీ నార్మల్, లివర్ నార్మల్. వాళ్ల నాన్న దీన్ని చూసి "కొలెస్ట్రాల్ కొంచెం ఎక్కువుందట, నెయ్యి తగ్గిద్దాం" అని తేల్చేస్తాడు. ముద్దపప్పులో నెయ్యి బొట్టు ఆగిపోతుంది, సాయంత్రం స్కూల్ బస్సు దిగగానే తాగే మ్యాంగో డ్రింక్ మాత్రం ఆగదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది, కాస్త నిదానంగా చూద్దాం.

లివర్‌లోకి కొవ్వు మూడు దారుల్లో చేరుతుంది. ఒకటి, తిన్న నూనె, నెయ్యి. రెండు, ఒంట్లో ముందే ఉన్న కొవ్వు కరిగి రక్తం ద్వారా రావడం. మూడు, పంచదార, పిండిపదార్థాల నుంచి లివర్ తనంతట తాను కొవ్వు తయారు చేసుకోవడం. ఫ్యాటీ లివర్ ఉన్న పెద్దవాళ్ల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో ఈ లెక్క తీశారు. లివర్ కొవ్వులో 59 శాతం ఒంటి కొవ్వు నుంచి, 26 శాతం లివర్ సొంత తయారీ నుంచి, 15 శాతం మాత్రమే నేరుగా తిండిలోని కొవ్వు నుంచి వచ్చింది. మనం ముందుగా గురిపెట్టే నెయ్యి చుక్కది ఆ చివరి వాటా. నెయ్యి ఎంతైనా పోసుకోవచ్చని కాదు, కానీ పెద్ద దారులు రెండూ వదిలేసి చిన్న దారికి అడ్డం కడుతున్నాం.

ఆ రెండు పెద్ద దారుల్నీ నడిపేది ఇన్సులిన్. ఇన్సులిన్ అనగానే మనకు షుగర్ జబ్బే గుర్తొస్తుంది కానీ దానికి ఇంకా చాలా పనులున్నాయి. కండరాల్లోకి చక్కెర పంపించడం ఒక పని. ఒంటి కొవ్వును కరగనీయకుండా పట్టి ఉంచడం ఇంకో పని. లివర్‌కి "వచ్చిన చక్కెరను కొవ్వుగా మార్చి దాచు" అని చెప్పడం మరో పని. నడుము చుట్టూ కొవ్వు పెరిగేకొద్దీ కండరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది, కొవ్వు కణమూ వినడం తగ్గిస్తుంది. ఇంట్లో పిలిస్తే ఎవరూ పలకనప్పుడు అమ్మ గొంతు పెంచినట్టు పాంక్రియాస్ ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. దాంతో చక్కెర అదుపులోనే ఉంటుంది, రిపోర్టులో 94 అని నార్మల్‌గానే వస్తుంది. కానీ కొవ్వు కణాలు పట్టు వదిలేశాయి కాబట్టి కొవ్వు రక్తంలోకి జారి లివర్‌కి చేరుతుంది. లివర్‌లో మాత్రం కొవ్వు తయారు చేయమనే ఆజ్ఞ పనిచేస్తూనే ఉంటుంది, ఇన్సులిన్ పెరిగింది కాబట్టి ఇంకా గట్టిగా పనిచేస్తుంది. రెండు వైపుల నుంచీ కొవ్వు వచ్చి పడుతుంది.

ఇలా నిండిన లివర్ కొంత కొవ్వును వీఎల్‌డీఎల్ అనే చిన్న కొవ్వు మూటల్లో ఎక్కించి రక్తంలోకి పంపించేస్తుంది. మన రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 168 ఉన్నది అందుకే. ఆ మూటలు హెచ్‌డీఎల్‌తో కొవ్వులు మార్చుకుంటాయి, మార్పిడి తర్వాత హెచ్‌డీఎల్ త్వరగా రక్తం నుంచి తొలగిపోతుంది, అందుకే అది 36కి పడిపోయింది. అంటే ఆ రెండు బోల్డ్ అంకెలూ, బోల్డ్ కాని ఎస్‌జీపీటీ 48, ఎవరూ పట్టించుకోని ఇన్సులిన్ 22, ఇవన్నీ ఒకే కథ. ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే ఇక్కడ 4.7 వస్తుంది. ఈ నిష్పత్తి పెరిగేకొద్దీ ఇన్సులిన్ నిరోధం, అంటే ఒళ్లు ఇన్సులిన్ మాట వినకపోవడం, ఉండే అవకాశం పెరుగుతుంది, దీనికి విడిగా టెస్టు డబ్బులు కూడా అక్కర్లేదు, క్యాలిక్యులేటర్ చాలు.

ఇన్సులిన్‌ని, షుగర్‌ని గుణించి 405తో భాగిస్తే వచ్చేదాన్ని హోమా-ఐఆర్ అంటారు. ఈ బాబుకి 5.1. ఎక్కువే, కానీ దీన్నొక్కదాన్నే పట్టుకుని టెన్షన్ పడొద్దు. ఈడొచ్చే వయసులో పిల్లలందరికీ ఇన్సులిన్ నిరోధం సహజంగానే కొంత పెరుగుతుంది, ఎదుగుదల పూర్తయ్యాక మళ్లీ తగ్గుతుంది. పైగా ఇన్సులిన్ టెస్టు ఒక్కో ల్యాబ్ కిట్‌తో ఒక్కోలా వస్తుంది. ప్యాకేజీలో ఉందని చేయించడమే తప్ప, దీనికోసం విడిగా సూది గుచ్చాల్సిన అవసరం చాలామంది పిల్లలకు ఉండదు. దానికంటే పిల్లాడి మెడ వెనక చూడండి. మెడ మడతల్లో, చంకల్లో నల్లగా, దళసరిగా, ముట్టుకుంటే మెత్తటి ముఖమల్‌లా ఉంటే ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువుందని చర్మమే చెబుతోంది. దాన్ని మట్టి అనుకుని సున్నిపిండితోనూ, ప్యూమిస్ రాయితోనూ రుద్దుతున్న తల్లుల్ని చూశాను. రుద్దితే చర్మం ఒరుసుకుపోతుంది తప్ప నలుపు పోదు.

అలాగే టేపు. కుట్టుమిషన్ దగ్గర ఉండే టేపు చాలు. నడుము కొలతను ఎత్తుతో భాగిస్తే సగం, అంటే 0.5, దాటకూడదు. మన బాబుకి 79ని 142తో భాగిస్తే 0.56. ఈ ఒక్క కొలత బరువు చూసే మెషీన్ కంటే ఎక్కువ చెబుతుంది, ముఖ్యంగా మన పిల్లల విషయంలో. భారతీయుల ఒంటి తీరే అలాంటిది, సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఎక్కువ. పుణే డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటోనే వేసి చూపించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు లెక్క, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్‌కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మన పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2015లో వేసిన ఎదుగుదల చార్టుల్లో అందుకే అధిక బరువుకూ, ఊబకాయానికీ పెద్దవాళ్ల బీఎంఐ 25, 30 కాకుండా 23, 27కి సరిపోయే గీతలు గీశారు. బీఎంఐ చూసేటప్పుడు ఆన్‌లైన్‌లో దొరికిన విదేశీ చార్టు కాకుండా ఈ చార్టు అడగండి. సన్నగా ఉన్న పిల్లాడికి పొట్ట మాత్రం ముందుకొచ్చి ఉంటే "మావాడు సన్నమే" అని వదిలేయకండి.

హెచ్‌బీఏ1సీ గురించి ఒక్క మాట. 5.7కి చేరితే ప్రీ-డయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకు ముందు దశ, అంటారు. 2016-18లో కేంద్రం చేయించిన జాతీయ పోషకాహార సర్వేలో బడి వయసు పిల్లల్లోనూ, టీనేజర్లలోనూ దాదాపు పది శాతం మంది ఈ దశలో ఉన్నారు. అయితే ఐరన్ లోపం వల్ల రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు, మన పిల్లల్లో రక్తహీనత తక్కువేం కాదు, కాబట్టి హిమోగ్లోబిన్ పక్కన పెట్టుకుని చదవాలి.

స్కానింగ్ సంగతి. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ అని రాగానే కొంపలు మునిగినట్టూ, రాకపోతే గండం గడిచినట్టూ అనుకుంటాం. కొవ్వు 20, 30 శాతం చేరేదాకా అల్ట్రాసౌండ్‌కి సరిగ్గా కనిపించదు, ఐదు శాతం దాటితేనే జబ్బు కింద లెక్క. ఆ మధ్యలో ఉన్నవాళ్లందరికీ స్కానింగ్ నార్మల్ అనే రావచ్చు. అందుకే 2017 మార్గదర్శకాలు స్క్రీనింగ్‌కి అల్ట్రాసౌండ్ మీద ఆధారపడొద్దన్నాయి. ఫైబ్రోస్కాన్ కొంత నయం, కొవ్వునూ లివర్ గట్టిదనాన్నీ విడివిడిగా చెబుతుంది, అవసరమో కాదో డాక్టర్ చెబుతారు. లివర్ గట్టిపడిందో లేదో అంచనా వేయడానికి ఇంటర్నెట్‌లో దొరికే ఫిబ్-4 క్యాలిక్యులేటర్‌లో మాత్రం పిల్లల అంకెలు వేయకండి. ఆ లెక్కలో వయసుతో గుణకారం ఉంటుంది, పదకొండేళ్ల పిల్లాడికి ఎలా చూసినా తక్కువే వస్తుంది, ఊరట ఇస్తుంది కానీ నిజం చెప్పదు. 2023లో ఈ జబ్బుకు పేరు కూడా మార్చారు, రిపోర్టులో ఎన్‌ఏఎఫ్‌ఎల్‌డీ బదులు ఎంఏఎస్‌ఎల్‌డీ అని కనిపిస్తే కంగారు పడొద్దు, ఒంట్లో జీవక్రియ లోపాలతో ముడిపడిన ఫ్యాటీ లివర్ అనే దానర్థం.

ఇంతా చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బొద్దుగా ఉన్న పిల్లాడికి ఎస్‌జీపీటీ ఎక్కువుంటే అది ఫ్యాటీ లివరే అయ్యుంటుందని ఎవరికి వాళ్లు తేల్చుకోవడం ప్రమాదం. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కూడా ఇలాగే మొదలవుతుంది, దానికి మందుంది, ఆలస్యమైతే లివరే పోతుంది. హెపటైటిస్ బి, సి, ఆటో ఇమ్యూన్ హెపటైటిస్, థైరాయిడ్, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, స్టెరాయిడ్లు, ఇవన్నీ కారణాలు కావచ్చు. ఒక్కోసారి లోపం లివర్‌లో కాదు, కండరాల్లో ఉంటుంది, అప్పుడు సీపీకే టెస్టు చేస్తే తెలుస్తుంది. అందుకే ఈ అంకెలు పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. బెంగళూరులో నిమ్హాన్స్ దగ్గరున్న ఇందిరా గాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ లాంటి ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పెద్ద ప్రైవేట్ ఆసుపత్రుల్లో పిల్లల గ్యాస్ట్రో డాక్టర్లూ ఉన్నారు.

మరి ఈ అంకెలు దిగుతాయా? దిగుతాయి, అనుకున్నదానికంటే త్వరగా దిగుతాయి, నాకు ధైర్యం ఇచ్చేది అదే. 2019లో అమెరికాలో ఫ్యాటీ లివర్ ఉన్న నలభై మంది టీనేజ్ అబ్బాయిలను తీసుకుని సగం మందికి ఎనిమిది వారాలపాటు తిండిలో అదనపు చక్కెరలు మూడు శాతం కేలరీల లోపు ఉండేలా చూశారు. వాళ్ల లివర్ కొవ్వు 25 శాతం నుంచి 17కి తగ్గింది, మామూలుగా తిన్నవాళ్లది 21 నుంచి 20కి వచ్చి ఆగింది. అంతకుముందు 2017లో వచ్చిన ఇంకో అధ్యయనంలో ఊబకాయం ఉన్న పిల్లలకు తొమ్మిది రోజులపాటు ఫ్రక్టోజ్ తగ్గించి, ఆ మేరకు కేలరీలు పిండిపదార్థాలతో పూరించి, బరువు తగ్గకుండా చూస్తూనే కొలిచారు. లివర్ కొవ్వు 7.2 శాతం నుంచి 3.8కి పడింది. తొమ్మిది రోజుల్లో!

ఫ్రక్టోజ్ ఎక్కడుంటుంది? పంచదారలో సగం అదే. మనవాళ్లు ఇక్కడే "మేం పంచదార మానేశాం, బెల్లమే వాడుతున్నాం" అంటారు. బెల్లంలో ఉండేదీ ఎక్కువగా ఆ చక్కెరే, లివర్‌కు తేడా తెలియదు. తేనె కూడా అంతే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు రాగి జావ అలవాటే, బెంగళూరులో రాగులకు కొదవలేదు, మంచి తిండే, కానీ గ్లాసు జావలో నిమ్మకాయంత బెల్లం వేస్తే రాగుల మేలు అందులోనే పోతుంది. మజ్జిగ, ఉల్లిపాయ వేసి ఇవ్వండి. పండు పండుగా తింటే ఇబ్బంది లేదు, పీచు ఉంటుంది, రెండు బత్తాయిలు తిన్నాక మూడోది తినలేడు. అదే జ్యూస్ అయితే నాలుగు బత్తాయిలూ, పైన మూడు చెంచాల పంచదారా రెండు నిమిషాల్లో లోపలికి పోతాయి. కూల్‌డ్రింక్‌లో వంద మిల్లీలీటర్లకు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది, పావు లీటరు బాటిల్‌కి 25 గ్రాములు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదనపు చక్కెరలు పది శాతం కేలరీలు దాటొద్దు, ఐదు శాతం లోపు ఉంటే ఇంకా మంచిదంటుంది. రోజుకు 1800 కేలరీలు తినే పిల్లాడికి ఐదు శాతం అంటే 22 గ్రాములు. ఒక్క బాటిల్‌తో ఆ రోజు కోటా అయిపోయింది. పాలలో కలిపే పొడులదీ అదే కథ. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఈ-కామర్స్ సైట్లను వాటిని హెల్త్ డ్రింక్స్ కేటగిరీ నుంచి తీసేయమంది. డబ్బా వెనక 'యాడెడ్ షుగర్' అనే వరుస చదవండి.

ఈ ఊళ్లో పిల్లల జీవితం ఎలా ఉందో నాకు తెలుసు. పొద్దున ఏడుకే బస్సు, ట్రాఫిక్‌లో గంట, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఐదు, బస్సు దిగిన చోటే బేకరీ, గాజు పెట్టెలో పఫ్‌లు, హనీ కేక్, వెంటనే ట్యూషన్. అమ్మానాన్నలిద్దరూ కాల్స్‌లో ఉంటారు, ఆకలేస్తే పది నిమిషాల్లో డెలివరీ. నెల్లూరు నుంచో, ఒంగోలు నుంచో వచ్చిన అమ్మమ్మ "ఎదిగే పిల్లాడు, దిష్టి పెట్టకండి, ఎత్తు పెరిగితే అదే పోతుంది" అంటుంది. అమ్మమ్మ మాటలో సగం నిజముంది. ఎదిగే పిల్లల్లో చాలాసార్లు కిలోలు తగ్గించాల్సిన పనే లేదు, బరువు ఉన్నచోట ఆగి ఎత్తు పెరిగితే సరిపోతుంది. కాకపోతే అది దానంతటది జరగదు, బస్సు దిగాక తాగేదీ తినేదీ మారాలి. బేకరీ బదులు ఉడకబెట్టిన పల్లీలో, గుడ్డో, గుగ్గిళ్లో. మీటింగ్ ఒకటి వదులుకునైనా రోజుకో గంట కిందికి దింపి ఆడించాలి. పిల్లాణ్ణి ఒక్కణ్నే పత్యం కూర్చోబెట్టి చెల్లి ముందు చాక్లెట్ పెట్టకండి, ఇంట్లోకే తేకండి. వాడి ముందు "పొట్ట చూడు" లాంటి మాటలు వద్దు, చుట్టాలు అంటే అక్కడే ఆపండి.

లివర్ టానిక్‌ల గురించి అందరూ అడుగుతారు. 2011లో టానిక్ అనే పేరుతోనే వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో 173 మంది పిల్లలకు దాదాపు రెండేళ్లు విటమిన్ ఇ, మెట్‌ఫార్మిన్, ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి పోల్చారు. ఎస్‌జీపీటీని తగ్గించి నిలబెట్టడంలో ఏ మందూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా చేయలేదు. షాపులో ఎవరో ఇచ్చిన సీసాతో మూడు నెలలు గడిపేస్తే ఆ మూడు నెలలూ తిండి మార్చకుండానే పోతాయి.

మళ్లీ టెస్టుకు వెళ్లేటప్పుడు అదే ల్యాబ్‌కి, రాత్రి భోజనం తర్వాత పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా (నీళ్లు తాగొచ్చు) వెళ్లండి. ముందురోజు క్రికెట్ కోచింగ్‌లో బాగా అలిసిపోయి ఉంటే రెండు రోజులు ఆగండి, కండరాలు అలిసినా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరుగుతాయి. జ్వరం వచ్చి తగ్గిన వారంలో కూడా వద్దు. ఆ రోజే నాన్న కూడా చెయ్యి చాచి రక్తం ఇస్తే మంచిది. 2025లో హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఎక్కువగా ఉందని తేలింది. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద పొద్దున్నుంచి రాత్రిదాకా కుర్చీలో కూర్చునేవాళ్ల పని కూడా అలాంటిదే, ఇంట్లో తండ్రికీ కొడుక్కీ వండేది ఒకే వంట.